వెళ్ళేవానిపై నిలిచినవారి హక్కు

2025వ సంవత్సరం ఆగస్టు నెలలో మన డర్బన్ ఇండ్లలోను, గుడి మండపంలోను, పెళ్ళి పందిళ్ళలోను సైతం ఒకే ప్రశ్న వినిపించింది. అలెగ్జాండర్ ఇసాక్ న్యూకాసిల్‌ను విడిచిపోతాడా, నిలుస్తాడా? మన సమాజంలో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులే అధికులు. న్యూకాసిల్ వారు పిడికెడు మంది. ఆ నెలంతా ఆ పిడికెడు మంది గొంతే పెద్దగా వినిపించింది. ఫుట్‌బాల్ అంటే గిట్టని అమ్మమ్మలు కూడ ఆ ఇసాక్ ఎవరని మనుమలను అడిగి తెలుసుకొన్నారు.

ఇది పెద్దలు తలదూర్చదగిన విషయమా అని కొందరికి తోచవచ్చు. తలదూర్చదగినదే అని నా అభిప్రాయం. బంతి ఆట అనే పైపొరను తొలగించి చూస్తే ఈ వాదంలో చాల పాత ప్రశ్న ఒకటి కనబడుతుంది. తనను నమ్మినవారిని విడిచి మెరుగైన చోటికి వెళ్ళేవాడు తప్పు చేస్తున్నాడా? వెనుక నిలిచినవారికి అతనిపై ఏ హక్కు ఉన్నది? ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారి సంతతి అయిన మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

ఆట తెలియని చదువరుల కోసం జరిగిన సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇసాక్ స్వీడన్ దేశంలో పుట్టాడు. అతని తలిదండ్రులు ఎరిట్రియా నుండి అక్కడికి వలస వెళ్ళినవారు. స్వీడన్‌లోని ఏఐకే క్లబ్బులో ఆట నేర్చి, జర్మనీ, హాలెండు, స్పెయిన్ దేశాల క్లబ్బులలో ఆడి, 2022 ఆగస్టులో న్యూకాసిల్‌కు వచ్చాడు. 2025 మార్చి 16న వెంబ్లీ మైదానంలో జరిగిన లీగ్ కప్ చివరి ఆటలో న్యూకాసిల్ 2–1 తేడాతో లివర్‌పూల్‌ను ఓడించింది. అందులో రెండవ గోలు ఇసాక్‌ది. 1955 తరువాత ఇంగ్లండు దేశపు పెద్ద పోటీలలో ఒక్క కప్పు కూడ ఎరుగని ఊరు అది. డెబ్బది యేండ్ల ఎదురుచూపు ఆ సాయంత్రం తీరింది. ఆ సంవత్సరం లీగులో అతడు కొట్టిన గోల్స్ 23.

ఆ వేసవిలోనే అతడు వెళ్ళిపోతానన్నాడు. ఓడించిన లివర్‌పూల్‌కే వెళతానన్నాడు. ఒప్పందం 2028 వరకు ఉన్నది. అయినా జట్టుతో ఆసియా పర్యటనకు రాలేదు, క్లబ్బు తరఫున ఆడలేదు. తనకు ఇచ్చిన మాట తప్పారని ఆగస్టులో ప్రకటించాడు. ఈ వేసవిలో పంపుతామని ఎవరమూ మాట ఇవ్వలేదని క్లబ్బు బదులు చెప్పింది. వినాయక చవితికి రెండు రోజుల ముందు న్యూకాసిల్, లివర్‌పూల్ జట్లే ఎదురెదురు పడ్డాయి. ఇసాక్ ఏ పక్షానా ఆడలేదు. చివరి నిమిషాలలో పదహారేండ్ల పిల్లవాడొకడు గోలు కొట్టగా లివర్‌పూల్ 3–2తో గెలిచింది. సెప్టెంబరు 1న, బదిలీల గడువు ముగిసే రోజున, 12.5 కోట్ల పౌండ్లకు అతడు లివర్‌పూల్ చేరాడు. బ్రిటన్‌లో ఒక ఆటగాని కోసం అంత సొమ్ము అంతకు మునుపు ఎవరూ చెల్లించలేదు.

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఆ రోజులలో గుణింతాలు వెనుకబడ్డాయి. పిల్లలూ, వారిని దింపడానికి వచ్చిన తండ్రులూ కలిసి వాదించారు. వాదం తెలుగులోనే జరగాలని నేను నియమం పెట్టాను గనుక అది కొంత నెమ్మదిగా సాగింది, కొంత మర్యాదగా కూడ సాగింది. "సంతకం పెట్టాడు గదా, ఇంకేమి?" అన్నాడొక కుర్రవాడు. "మీ నాన్న కూడ పాత కంపెనీ మానేసి కొత్తదానిలో చేరలేదా? అప్పుడు ఎవరైనా ద్రోహి అన్నారా?" అని వాని స్నేహితుడు నిలదీశాడు. ఒక తండ్రి మాత్రం నింపాదిగా, "వెళ్ళడం తప్పు కాదు, ఆడనని కూర్చోవడం తప్పు" అన్నారు. నాకు ఈ మూడు మాటలలోను కొంత నిజం కనబడింది. మొదటి మాట అన్నింటికంటె తేలిక మాటగా కనబడుతుంది. అన్నింటికంటె బరువైనది అదే.

సంతకం పెట్టినవాడు కట్టుబడి ఉండాలి. ఇది పిల్లలకు మనం నేర్పే ధర్మమే. కాని సంతకానికి చరిత్ర ఉన్నది, అది మన ఇంటి చరిత్ర. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. ఆ నాటి నుండి 1911 వరకు లక్షన్నరకు పైగా మనుషులు ఆ విధంగా నాటాల్‌కు వచ్చారు. వారిలో విశాఖపట్నం, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు వేలమంది. ఐదేండ్ల ఒప్పందం, మొదటి యేడు నెలకు పది షిల్లింగులు, ఆపై యేటికొక షిల్లింగు పెంపు. ఆ ఒప్పందాన్నే మన పెద్దలు గిర్మిట్ అన్నారు. అనుమతి చీటీ లేకుండ తోట దాటితే పట్టుకొనేవారు. పనికి రాకపోతే జరిమానా, లేదా జైలు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అదే కాలంలో ఇంగ్లండులో ఒక దొర మరొక దొరతో చేసుకొన్న పని ఒప్పందాన్ని మీరితే న్యాయస్థానం నష్టపరిహారం ఇప్పించేది గాని, ఆ పని చేసి తీరాలని మనిషిని నిర్బంధించేది కాదు. ఒకే రాజ్యం, ఒకే రాణి. అక్కడ ఒప్పందం మీరడం అప్పు. ఇక్కడ నేరం.

మా ముత్తాత పేరు ఉన్న ఓడ పట్టీ నకలు నా దగ్గర ఉన్నది. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, గ్రామం, వాటన్నిటికీ ముందు ఒక సంఖ్య. ఆయన చదువుకోలేదు. చదివి వినిపించిన మాటలలో ఎన్ని ఆయనకు అర్థమయ్యాయో ఆ పట్టీ చెప్పదు. కాబట్టి "సంతకం పెట్టాడు గదా" అని ఎవరైనా అన్నప్పుడు, ఎవరి ఎదుట, ఏ భాషలో, కాదనే వీలు ఎంత ఉండగా అని అడగడం నాకు అలవాటు.

అయితే ఆ ప్రశ్న ఇసాక్ విషయంలో అడిగితే జవాబు వెంటనే వస్తుంది. అతని పక్కన న్యాయవాదులున్నారు, ప్రతినిధులున్నారు. వారానికి వచ్చే జీతం మన వీధిలోని ఇండ్లన్నిటి సంవత్సరాదాయానికి మించవచ్చు. అటువంటివారిని 'బంగారు సంకెళ్ళ బానిసలు' అని కొందరు రాస్తుంటారు. ఆ పోలిక నాకు మింగుడు పడదు. చెరకు ఆకులతో చేతులు కోసుకొన్నవారి మాటను ఇంకొకరి అలంకారానికి అప్పు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

కాని ఆటగాళ్ళ చరిత్ర ఎల్లప్పుడు ఇట్లా లేదు, అందులోని ముఖ్య ఘట్టం కూడ ఇదే న్యూకాసిల్‌లో జరిగింది. 1960లో జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాని ఒప్పందం ముగిసింది. మళ్ళీ సంతకం పెట్టనన్నాడు. ఆనాటి నియమం ప్రకారం ఒప్పందం ముగిసినా సరే, క్లబ్బు అతనిని తన పట్టీలో 'నిలుపుకొంటే' అతడు లీగులోని మరే క్లబ్బుకూ ఆడరాదు. కూర్చోబెట్టి జీతం ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. ఆటగానికి వారానికి ఇరువది పౌండ్లకు మించి ఇవ్వరాదనే గరిష్ఠ పరిమితి కూడ అప్పటికి ఉన్నది. అది 1961 జనవరిలో తొలగింది. ఈస్టమ్ ఊరు విడిచి దక్షిణానికి వెళ్ళి కార్కు అమ్మే పనిలో చేరాడు. చివరకు న్యూకాసిల్ అతనిని 47,500 పౌండ్లకు ఆర్సెనల్‌కు అమ్మింది. తన సంగతి తీరినా అతడు ఊరుకోలేదు, ఆటగాళ్ళ సంఘం అండతో దావా నడిపాడు. 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ తీర్పు చెప్పారు: ఒప్పందం ముగిసినవానిని ఆ విధంగా నిలుపుకోవడం వృత్తి స్వేచ్ఛకు అన్యాయమైన అడ్డు.

ఆ న్యాయమూర్తి బానిస వ్యాపార నిర్మూలనకు పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ వంశీకుడే. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1833 నాటి చట్టంతో. ఆ రద్దుతో కూలీలు కరవైన చెరకు తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. గిర్మిట్ అట్లా పుట్టింది. ఒక మంచి పని వెనుకనే ఒక చెడ్డ పని నడిచి వచ్చిన తీరు అది. మా తరగతిలో ఈ వంశవృక్షం బల్లపై గీసినప్పుడు పిల్లలు ఆటను మరచి దానినే చూశారు.

మరొక న్యూకాసిల్ కూడ ఉన్నది. అది మన నాటాల్‌లోనిదే. ఇంగ్లండు న్యూకాసిల్ బొగ్గుకు పేరుపడ్డ ఊరు. మన న్యూకాసిల్ కూడ బొగ్గు గనుల ఊరే, కాని దాని పేరు ఆ ఊరి నుండి రాలేదు. వలసరాజ్యాల మంత్రిగా పనిచేసిన న్యూకాసిల్ డ్యూకు పేరు మీద వచ్చింది. ఆ గనులలో గిర్మిట్ కూలీలు పనిచేశారు. 1895 నాటి చట్టం ఒకటి, ఒప్పందం ముగిసినా తిరిగి వెళ్ళకుండ, మళ్ళీ ఒప్పందానికి లొంగకుండ ఇక్కడ స్వేచ్ఛగా ఉండదలచినవారిపై యేటికి మూడు పౌండ్ల పన్ను వేసింది. ఐదవ యేటి జీతంతో లెక్కించినా అది నాలుగు నెలల సంపాదనకు మించిన సొమ్ము. ఈస్టమ్‌ను కట్టిన తాడు, వీరిని కట్టిన తాడు ఒకే పేటతో పేనినవి: ఒప్పందం ముగిసినా మనిషి విడుదల కాడు. 1913 అక్టోబరులో ట్రాన్స్‌వాల్ నుండి వచ్చిన స్త్రీలు ఆ ఊరి గని కార్మికుల ఇండ్లకు వెళ్ళి పని మానమని అడిగారు. వారు మానారు. ఒప్పందంలో ఉన్నవారే, జైలు తప్పదని తెలిసినవారే మానారు. తరువాత రెండువేల మందికి పైగా గాంధీగారి వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచారు. 1914లో ఆ పన్ను రద్దయింది.

పని చేయనని కూర్చోవడం ప్రతిసారీ తప్పే అనడానికి అందుచేత నాకు నోరు రాదు. మన ముత్తవ్వలు కూర్చోబట్టే మనం ఇట్లా నిలబడ్డాము. కాని వారు కూర్చొన్నది తమకు ముందు తరానికీ, తరువాతి తరానికీ కలిపి. ఇంకొక దారి మిగలనప్పుడు. ఇసాక్‌కు దారులు ఉన్నాయి. ఇంకొక యేడాది ఆడి, అడిగి, వెళ్ళవచ్చు. ఆ తండ్రి అన్న మాటతో నేను ఏకీభవించేది ఇక్కడ. మాట ఇచ్చారన్న అతని ఆరోపణ నిజమైతే నా తీర్పు కొంత మారుతుంది. ఆ మాట గదిలో జరిగింది, గదిలోనివారికే తెలుసు. గదిలో లేని మనం వీధిలో తీర్పు చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించాలి.

ఇక ఒప్పందాన్ని పక్కన పెడదాం. అభిమానుల కోపం నిజానికి కాగితం గురించి కాదు. ఒప్పందం పూర్తిగా ముగిసి, పైసా బాకీ లేకుండ వెళ్ళిన ఆటగాళ్ళను కూడ జనం తిట్టిన సందర్భాలు ఎన్నో. కోపం ఋణం గురించి. తెలుగులో ఈ మాటకు డబ్బు అప్పు అనే అర్థం చిన్నది. ఉప్పు తిన్న ఋణం, పాలు తాగిన ఋణం, నేర్పిన ఋణం అంటాము. వాటికి పత్రం ఉండదు, గడువు ఉండదు.

ఈ ఋణం గురించి మన ఇతిహాసాలు రెండు విధాల మాట్లాడుతాయి. తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వంలో, రాయబారం విఫలమైన తరువాత కృష్ణుడు కర్ణుని రథమెక్కించుకొని అతని పుట్టుక రహస్యం చెబుతాడు. నీవు పాండవులకు అన్నవు, వచ్చేయి, రాజ్యం నీదే అంటాడు. ఇంతకంటె మంచి బదిలీ ఏ ఆటగానికీ రాలేదు. గెలిచే పక్షం, రక్తసంబంధం, కిరీటం. కర్ణుడు రానన్నాడు. పెంచిన రాధను, అధిరథుని, నమ్మిన దుర్యోధనుని విడువనన్నాడు. తనది ఓడే పక్షమని ఎరిగే అన్నాడు. లోకం అతనిని ఇప్పటికీ కొనియాడుతుంది. రామాయణంలో విభీషణుడు దీనికి సరిగ్గా ఎదురు. అన్నకు బుద్ధి చెప్పి, సభలో అవమానం పొంది, నలుగురు అనుచరులతో సముద్రం దాటి రాముని శిబిరానికి వెళ్ళాడు. అతనిని భక్తులు పూజిస్తారు. కాని పూజించే నోళ్ళే 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని సామెత కూడ చెబుతాయి. న్యూకాసిల్ అభిమాని గుండెలోని మాట ఆ సామెతలో ఉన్నది. మన జాతి విభీషణునికి మోక్షం ఇచ్చింది గాని పూర్తిగా క్షమాపణ ఇవ్వలేదు.

నిలవడమే గొప్ప అంటే కర్ణుడు నిలిచింది అధర్మం పక్కన. వెళ్ళడమే గొప్ప అంటే విభీషణుని పేరు సామెతలో మాసిపోయింది. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకొన్న జాతి, కాలు ఎటు కదిలిందని కాక ఎందుకు కదిలిందని అడగడం నేర్చుకొని ఉండాలి. విభీషణుడు వెళ్ళేముందు ముఖాముఖి చెప్పాడు; ఒకసారి కాదు, పలుమార్లు చెప్పాడు. కర్ణుడు రానని చెప్పింది కూడ ముఖాముఖే. పిలిచినవానికి జవాబిచ్చి, ఆ సంగతి ధర్మరాజుకు తెలియనీయవద్దని కోరి మరీ వెనుదిరిగాడు.

పెంచిన ఋణం విషయంలో ఫుట్‌బాల్ లోకం మనకంటె ఒక అడుగు ముందే ఉన్నదని చెప్పాలి. ఆటగాడు ఒక దేశపు క్లబ్బు నుండి మరొక దేశపు క్లబ్బుకు సొమ్ము మీద మారినప్పుడు, ఆ సొమ్ములో నూటికి ఐదు వంతులు అతనికి పన్నెండు నుండి ఇరువదిమూడేండ్ల వయసు మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నిటికీ పంచాలని ఫిఫా నియమం. చిన్న ఊరి క్లబ్బుకు కూడ దాని వంతు వస్తుంది. ఉపాధ్యాయులకు ఇటువంటి నియమం ఏ ప్రభుత్వమూ చేయలేదు. చేసి ఉంటే నా పింఛను ఇంకొంత బాగుండేది. హాస్యం అటుంచి, ఆ నియమంలో ఒక నీతి ఉన్నది. వెళ్ళవద్దని అది అనదు. వెళ్ళేవాడు ఒంటరిగా తయారు కాలేదని లెక్క రాసి చూపుతుంది.

ఋణం ఒకవైపే ఉంటుందా? అభిమానులు మరచే సంగతి ఇది. 1995 జనవరిలో న్యూకాసిల్ తన గొప్ప గోల్ వీరుడు ఆండీ కోల్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మింది. ఊరు అట్టుడికిపోయింది. మైదానం మెట్ల దగ్గర జనం గుమిగూడారు. జట్టు నిర్వాహకుడు కెవిన్ కీగన్ ఆ మెట్ల మీదికి వచ్చి నిలబడి, ఎందుకు అమ్మానో వారికి చెప్పాడు. అందరూ ఒప్పుకోలేదు. అయినా ఆ దృశ్యం ముప్పై యేండ్ల తరువాత కూడ ఆ ఊరివారు చెప్పుకొంటారు. క్లబ్బు అమ్మితే అది వ్యాపారం, ఆటగాడు వెళితే అది ద్రోహం. ఈ తూకపు రాళ్ళు సమానం కావు. 2011లో యజమాని ఆ మైదానం పేరునే తన దుకాణాల పేరుతో మార్చాడు. మరుసటి యేడు పాత పేరు తిరిగి వచ్చింది. 2021 అక్టోబరులో క్లబ్బు మొత్తం చేతులు మారి అత్యధిక వాటా సౌదీ అరేబియా ప్రభుత్వ నిధికి దక్కింది. ఇంతమంది చేతులు మారిన చోట స్థిరంగా ఉన్నవారు ఎవరు? జీతం తీసుకొనేవారూ కాదు, లాభం తీసుకొనేవారూ కాదు; టిక్కెట్టు కొనేవారు. వారు ఎక్కడా సంతకం పెట్టలేదు. వారి తాతలు నిలబడిన మెట్ల మీద వారూ నిలబడ్డారు, అంతే. వారికి ఆటగాడు చట్టరీత్యా ఏమీ బాకీ లేడు. ఒక్క వివరణ మాత్రం బాకీ ఉన్నాడని నేననుకొంటాను. కీగన్ ఆ మెట్ల మీద చెల్లించింది ఆ బాకీనే.

అదే ఊరివారు అలన్ షియరర్‌ను నెత్తిన పెట్టుకొంటారు. ఆయన ఆ ఊరి బిడ్డ. 1996లో మాంచెస్టర్ యునైటెడ్ పిలిచినా కాదని, అప్పటికి ప్రపంచంలోనే అత్యధికమైన ఒకటిన్నర కోటి పౌండ్ల బదిలీతో సొంత ఊరి క్లబ్బులో చేరాడు. పదేండ్లు ఆడి 206 గోల్స్ కొట్టాడు, ఒక్క కప్పూ గెలవలేదు. మైదానం దగ్గర ఆయన విగ్రహం ఉన్నది. నిష్ఠకు ఉదాహరణగా అందరూ ఆయననే చూపుతారు. కాని ఆయన కుర్రతనంలో ఊరు విడిచి సౌతాంప్టన్ వెళ్ళినవాడే. న్యూకాసిల్‌కు వచ్చింది బ్లాక్‌బర్న్‌ను విడిచే. బ్లాక్‌బర్న్ అభిమాని ఇంటి గోడ మీద ఆ 1996వ సంవత్సరం ఎట్లా రాసి ఉంటుందో ఊహించండి. మనకు తిరిగి వచ్చినవాడు ఇంకొకరికి విడిచి వెళ్ళినవాడే.

ఇంతవరకు వచ్చాక ఇది ఇసాక్ సంగతి మాత్రమే కాదని చదువరులు గ్రహించే ఉంటారు. మన గుడిలో హారతి పాట మొదలుపెట్టే గొంతులు ఇప్పుడు పెర్త్‌లో ఉన్నాయి, ఆక్లండ్‌లో ఉన్నాయి, లండన్‌లో ఉన్నాయి. తెలుగు తరగతిలో బాగా చదివే పిల్లలే, పెద్ద కళాశాలలకు వెళ్ళి, ముందుగా విమానమెక్కుతారు. మండపంలో కుర్చీలు సర్దేవారి వయసు యేటేటా పెరుగుతున్నది. కమిటీ సమావేశంలో ఒకరు బాధతో, "మనం నీళ్ళు పోశాము, కాయలు ఇంకొకరు కోసుకొంటున్నారు" అన్నారు. ఆ బాధ నిజం. దానిని కాదనను. నా పిల్లలలో ఒకరు దూరదేశంలో ఉన్నారు, పండుగనాడు ఫోనులో ముఖం చూసుకొంటాము. కాని ఆ మాట విన్నప్పుడు నాకు విశాఖపట్నం జిల్లాలోని ఒక ఊరు గుర్తుకు వచ్చింది. ఓడ పట్టీలో ఉన్న ఊరు. అక్కడ కూడ ఎవరో నీళ్ళు పోసి పెంచినవారే మా ముత్తాతను. ఆయన వెళ్ళిన తరువాత ఆ ఇంటి అరుగు మీద ఎవరు కూర్చొన్నారు? పిల్లలను వెళ్ళవద్దనే హక్కు, వెళ్ళినవాని సంతతికి ఎంత ఉంటుంది?

వెళ్ళడాన్ని ఆపలేని భాష మనది; అందుకే కాబోలు వెళ్ళే పద్ధతిని నేర్పింది. గడప దగ్గర తెలుగువాడు 'వెళతాను' అనడు. అంటే ఇంట్లోని పెద్దలు అపశకునమన్నట్లు చూస్తారు. 'వెళ్ళివస్తాను' అనాలి. నాటాల్ తోటలలో మన ముసలివారు 'పోయొస్తా' అనేవారు. పక్క వరుసలోని ఇంటికి వెళుతున్నా సరే. పిల్లలు దీనిని మర్యాద మాటగా వల్లించి వదిలేస్తారు. అందులో రెండు క్రియలున్నాయి, రెండవది మాట ఇస్తున్నది. మా ముత్తాత కూడ ఆ ఊరి గడపలో అదే అని ఉంటాడు. తిరిగి వెళ్ళలేదు. పదేండ్లు పూర్తయితే ఉచితంగా ఓడలో పంపుతామని ఒప్పందంలో ఉన్నది. కొందరు వెళ్ళారు, ఆయన ఉండిపోయాడు. అది అబద్ధమా? నా ఆలోచన ఇది: ఆ మాట తేదీ చెప్పి ఇచ్చినది కాదు. మీతో నా లెక్క ముగియలేదు అని చెప్పడం. లెక్క ముగియలేదు గనుకనే నాలుగవ తరంలో నేను నలుబదేండ్ల వయసు దాటాక పలక పట్టి ఓనమాలు దిద్దుకొన్నాను.

ఇసాక్ విషయంలో నన్ను నొప్పించింది ఇదే. వెళ్ళాడని కాదు. వెంబ్లీలో ఆ గోలు తరువాత ఏడ్చిన ముసలివారి ముందుకు వచ్చి, చెప్పి వెళ్ళలేదు. తెర మీద నాలుగు వాక్యాలు వచ్చాయి, క్లబ్బు వైపు నుండి నాలుగు వాక్యాలు వచ్చాయి. గడప దగ్గర ఎవరూ నిలబడలేదు.

1930లో కూడ న్యూకాసిల్ నుండి ఒక స్ట్రైకర్ వెళ్ళాడు. హ్యూయీ గాలకర్ ఆయన పేరు. 1927లో జట్టుకు నాయకుడై లీగు గెలిపించినవాడు. ఆ క్లబ్బు మళ్ళీ ఇంతవరకు లీగు గెలవలేదు. క్లబ్బు ఆయనను పదివేల పౌండ్లకు చెల్సీకి అమ్మింది. ఆ సెప్టెంబరు 3న చెల్సీ జట్టు న్యూకాసిల్‌కు ఆడడానికి వచ్చింది. ఎదుటి జట్టు చొక్కా తొడిగిన గాలకర్‌ను చూడడానికి 68,386 మంది వచ్చారు. ఆ మైదానంలో అంతమంది అంతకు ముందు లేరు, తరువాత లేరు.

మా తరగతి కుర్రవాడు తన 14వ సంఖ్య చొక్కా మీది ఇసాక్ పేరును కత్తెరతో తీసివేయాలా అని నన్ను అడిగినప్పుడు, ఈ గాలకర్ కథ చెప్పాను. వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే మేము తిట్టడానికైనా లివర్‌పూల్ ఆట చూడాలన్నమాట" అన్నాడు. తెలుగులోనే అన్నాడు, ఒక్క తప్పు లేకుండ.